చేతిగడియారము – వివేకము

ధర్మవిచారము మహాసంకటములయందే అవసరమగునని, నిత్యజీవితములోని చిన్నచిన్న క్రయవిక్రయములకు దానితో పనిలేదని లోకములో ఒక అభిప్రాయము గలదు. రాజ్యమును త్యజింపవలెనా, యుద్ధము చేయవలెనా అను ప్రశ్నలు పురాణపురుషులకు వచ్చును. సామాన్యునికి వచ్చు ప్రశ్నలు వేరు. నూనె ఏ అంగడిలో కొనవలెను, పిల్లవానికి ఎట్టి చెప్పులు తేవలెను, పాత గడియారము ఆగిపోయినది గనుక క్రొత్తది ఎట్టిది తెచ్చుకొనవలెను – మనుష్యుని దినము చాలవరకు ఇట్టివానితోనే గడచును. దినము గడచిన రీతినే జీవితమును గడచును. ఈ చిన్న నిర్ణయములు ధర్మమునకు వెలుపల నున్నవని యెంచినచో ధర్మమునకు మిగులు చోటు బహు స్వల్పము.

శ్రీరామకృష్ణుల అంతరంగశిష్యులలో యోగీన్ అను యువకుడుండెను. అనంతరకాలమున ఆయనయే స్వామి యోగానందులు. స్వభావమున మెత్తనివాడు. ఒకనాడు ఆయన ఇనుప మూకుడు కొనుటకై అంగడికి పోయి, వర్తకుడు ధర్మభీతి గలవాడని నమ్మి, వస్తువును త్రిప్పి చూడకయే వెలయిచ్చి తెచ్చెను. ఇంటికి వచ్చి చూడగా మూకుడు పగిలియున్నది. ఈ సంగతి విని గురుదేవులు ఆయన అమాయకత్వమును మెచ్చుకొనలేదు, మందలించిరి. భక్తుడైనంతమాత్రమున తెలివిమాలినవాడు కానక్కరలేదనియు, వర్తకుడు అంగడి పెట్టినది పుణ్యసంపాదనకు కాదనియు, నాలుగుచోట్ల వెల విచారించి, వస్తువును పరీక్షించి, కొసరు ఇచ్చు సరకైనచో కొసరును కూడ అడిగి తీసికొనవలెననియు ఆయన బోధ. కాంచనమును చేత తాకజాలని మహాపురుషుడు కొసరును గురించి ఇంత పట్టుదల చూపెనన్నచో చదువరికి మొదట నవ్వు వచ్చును. ఆలోచించినకొలది ఆ నవ్వు ఆగును. ధనమునందు ఆసక్తి లేకుండుట వేరు, ధనమును గురించి అజాగ్రత్త వేరు. మొదటిది వైరాగ్యము. రెండవది సోమరితనము, దానికి వైరాగ్యమని పేరు పెట్టుకొనుట మిక్కిలి సులభము.

నెలజీతముతో సంసారము నడుపుకొను ఒక గుమాస్తాను ఊహింతము. అతడు ఒక సాయంకాలము గడియారముల దుకాణమునకు పోవును. అద్దాల బీరువాలలో వరుసలు తీర్చి గడియారములుండును. కొన్ని వందల రూపాయలవి కలవు, కొన్ని వేలవి కలవు. పెద్ద నగరములోని దుకాణమైనచో లక్షల వెల గలవియు నుండును. చాలవానిలో ముళ్లు పదిగంటల పది నిమిషములకు నిలిపియుందురు. ఆ అమరిక చూపునకు ఇంపుగా నుండునని, తయారుచేసినవాని పేరును ముళ్లు కప్పకుండునని వ్యాపారులు కనిపెట్టిరి. అనగా, అన్ని గడియారములున్న ఆ చోట నిజముగా వేళ ఎంతయైనదో తెలిసికొనవలెనన్నచో దుకాణదారుని అడుగవలసివచ్చును. అంగడిలో నున్నంతసేపు గడియారము కాలమును చెప్పదు, తన్నుగురించి చెప్పుకొనును. గుమాస్తా వినవలసినది ఏదో, విననక్కరలేనిది ఏదో తేల్చుకొనుటయే ఇచ్చటి వివేకము.

ఆ వస్తువు ఎందులకు పుట్టినదో మొదట తెలిసికొనుట మంచిది. గడియారమను మాటలోనే గడియ యున్నది. గడియ యనగా 24 నిమిషములు. దినమునకు 60 గడియలు. పూర్వము అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై విడిచెడివారు. అది నిండి మునిగినచో ఒక గడియ. దానిని కనిపెట్టియుండి గంట కొట్టుటకు మనుష్యులుండెడివారు. ఊరికంతటికి ఒకటే గిన్నె, ఒకటే గంట. కాలము ఎవరి సొత్తును కాదు; చెరువునీరువలె అందరిది. తరువాత రైళ్లు వచ్చినవి. ఊరూరికి వేరువేరు సూర్యోదయముల ననుసరించి వేళలున్నచో బండ్లు నడవవు గదా. 1906 జనవరి 1న దేశమంతటికి ఒకే ప్రామాణికకాలము ఏర్పడెను. దానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ఉత్తరమున మీర్జాపురము ప్రక్కగా, దక్షిణమున మన కాకినాడ సమీపముగా పోవును. దిబ్రూగఢ్‌లోని వాడును ద్వారకలోని వాడును నేడు ఆ రేఖమీది సూర్యునినే నమ్మి పనికి పోవుచున్నారు.

చేతిగడియారము ఇంకను క్రొత్తది. ఇరువదవ శతాబ్ది ఆరంభమువరకు పాశ్చాత్యదేశములలో అది స్త్రీల ఆభరణము. కంకణమునకు గడియారము పొదిగెడివారు. పురుషులు జేబులో గొలుసుగడియారము ఉంచుకొనెడివారు. 1914–18 యుద్ధములో కందకములలోని సైనికులకు జేబులో చేయి పెట్టి వేళ చూచుకొను వీలులేకపోయెను. అప్పుడు గడియారము పురుషుని మణికట్టు నెక్కెను. కావున దాని వంశములో ఇద్దరు పూర్వులున్నారు: ఒకరు ఆభరణము, ఒకరు ఉపకరణము. నేటికిని బీరువాలో ఈ ఇద్దరి మధ్య వివాదము నడచుచునే యున్నది.

మనదేశములో 1961లో బెంగుళూరునందు హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అను ప్రభుత్వసంస్థ, జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో చేతిగడియారములు చేయ మొదలిడెను. తొలి గడియారములను ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేసెను. వానిలో ఒకదానికి ‘జనత’ యని పేరు. తెల్లని ముఖము, సన్నని ముళ్లు, 17 రాళ్ల యంత్రము, ప్రతిదినము చేతితో కీ ఇచ్చుకొనవలెను. ఉపాధ్యాయులు, స్టేషనుమాస్టర్లు, తపాలా ఉద్యోగులు ఇట్టివానినే ధరించిరి. తండ్రి పదవీవిరమణ చేయునాటికి ముఖము పసుపువన్నె తేలినను యంత్రము నడచుచునే యుండెడిది. తరువాత కొడుకు చేతికి వచ్చెడిది.

ఆ దశాబ్దము ముగియుచుండగా, 1969 డిసెంబరు 25న, జపానులో సైకో సంస్థ స్ఫటికముతో నడచు మొదటి చేతిగడియారమును అమ్మకమునకు పెట్టెను. వెల 4,50,000 యెన్‌లు. ఆనాడు ఆ దేశములో ఒక చిన్న మోటారుకారుకు కావలసినంత ధనము. నేడు వెయ్యి రూపాయలకు అటునిటుగా దొరకు సామాన్యపు గడియారములోపల నున్నదియు ఆ జాతి యంత్రమే. చిన్న స్ఫటికఖండమునకు విద్యుత్తు తగిలినచో అది సెకనునకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను వరుసగా పదునైదు మారులు సగము చేసినచో ఒకటి మిగులును. ఆ ఒకటియే సెకనుముల్లు వేయు ఒక్క అడుగు. ఇంత గొప్ప చాంచల్యమును అణచి అణచి ఒకే స్పందనగా మార్చు ఏర్పాటు అంత చౌకగా లభించుట, ధ్యానాభ్యాసము చేయువారికి కొంత అసూయ పుట్టించు విషయమే.

ఇందుండి ఒక విచిత్రమైన ఫలితము కలిగినది. అట్టి సామాన్యపు గడియారము నెలకు సుమారు 20 సెకనులకంటె ఎక్కువ తప్పదు. స్విట్జర్లాండులో ప్రత్యేకపరీక్షకు నిలిచి ప్రమాణపత్రము పొందిన ఉత్తమ యాంత్రిక గడియారమునకు ఆ పరీక్ష అనుమతించు హద్దు దినమునకు సగటున 4 సెకనులు వెనుకకు, 6 సెకనులు ముందుకు. అనగా ఆ హద్దులోనే యుండి అది నెలకు మూడు నిమిషములవరకు ముందుకు పోవచ్చును. కాలము చెప్పుటయందు లక్ష రూపాయల గడియారము వెయ్యి రూపాయలదానికి లోబడవలసినదే. ఇట్లైనప్పుడు మిగిలిన సొమ్ము దేనికొరకు చెల్లింపబడుచున్నది?

కొంత శిల్పమునకు. దీనిని తేలికగా త్రోసివేయరాదు. వెండ్రుకవంటి తీగచుట్టను చేతితో సరిదిద్దు పనివాని నేర్పు నిజమైనది. దేవాలయపు స్తంభమును చెక్కినవాని నేర్పును గౌరవించువాడు దీనినెందుకు గౌరవింపరాదు? శక్తిగలవాడు ఆ నేర్పును పోషించినచో దానిని పాపమనుట అల్పబుద్ధి. కాని వెలలో ఎక్కువభాగము శిల్పమునకు పోదు. అది ఎదుటివాని కంటికి పోవును. తన చేతిమీద నున్నదానిని ఇతరులు చూచి, ఇతడు ఇట్టివాడని ఎంచవలెనను కోరికకు పోవును.

భాగవతము ఏకాదశస్కంధములో అవధూత తన ఇరువదినలుగురు గురువులను పేర్కొనునప్పుడు ఒక కన్యను కూడ చెప్పును. ఆమెను చూచుటకు పెండ్లివారు వచ్చిరి. ఇంటిలో పెద్దలు లేరు. అతిథుల భోజనమునకై ఆమె లోపల వడ్లు దంచ మొదలిడెను. చేతిగాజులు గలగల మ్రోగినవి. ఈ ధ్వని బయటికి వినబడినచో సిగ్గుచేటని యెంచి, ఒక్కొక్కటిగా గాజులను తొలగించి, చేతికి రెండేసి ఉంచుకొనెను. రెండును ఒరసికొని మ్రోగినవి. అప్పుడు ఒక్కొక్కటి ఉంచుకొనెను, ధ్వని ఆగెను. పలువురున్నచోట కలహము, ఇద్దరున్నచోట సంభాషణము, కావున ఒంటరిగా చరింపవలెనని అవధూత దీనినుండి గ్రహించెను. సాధువునకు ఆ పాఠము తగినది. గృహస్థుడు మరియొక సంగతి చూడవచ్చును. ఆ పిల్లకు సిగ్గు కలుగుటకు కారణమేమి? తానే వడ్లు దంచుకొను ఇల్లని, ఇంటి లేమి పెండ్లివారికి తెలియునని. లేమిని మరుగుపరచుటకై ఆమె గాజులు తీసివేసెను. నేటి యువకుడు అదే లేమిని మరుగుపరచుటకై గడియారము తగిలించుకొనుచున్నాడు. ఆమె చేతులకు పని యుండెను; పని ఆపలేదు, ధ్వని మాత్రము ఆపెను. చేతులు బోసిగా విడువక, చాలినన్ని ఉంచుకొనెను. ఇతడు అప్పుచేసి వాయిదాలమీద కొని, ఆ వాయిదాలకొరకు అదనముగా పనిచేసి, తనకు తీరిక లేదని చెప్పుటకు ఆ గడియారమునే చూపును.

మన తెలుగు ఇండ్లలో ఈ వస్తువు చేసిన హాని చాలమందికి జ్ఞాపకముండును. పెండ్లిలో అలకపాన్పు అను ముచ్చట యున్నది. అల్లుడు అలిగి పాన్పుమీద కూర్చుండును. అత్తమామలు బ్రతిమాలి ఏదో ఒక కానుక యిత్తురు. చమత్కారమునకు పుట్టిన ఆచారము క్రమముగా వసూలుగా మారెను. చేతిగడియారము, సైకిలు, రేడియో అను మూడును అల్లుని హక్కులలో చేరినవి. బెంగుళూరులో గడియారములు వెలువడిన ఆ 1961లోనే పార్లమెంటు వరకట్న నిషేధచట్టమును చేసెను. చట్టము పుస్తకములో నుండగా గడియారము పాన్పుమీదికి వచ్చుచునే యుండెను. కూతురి కంటికి నీరు రాకుండవలెనని చేబదులు తెచ్చి మామగారు కొనిన గడియారము అల్లుని చేతిమీద ఏండ్ల తరబడి నడచినది. అది వేళను సరిగానే చెప్పినది. దాని క్రింది చేయి తనది కాని సొమ్మును ధరించియున్నదని ఏ ముల్లును చెప్పలేదు. అట్టిది వెలలో ఎంత చౌకయైనదైనను సామాన్యమైన గడియారము కాదు.

నకిలీ పేరుగల గడియారముల సంగతి కూడ ఇచ్చటనే చెప్పుకొనవలెను. వీథిప్రక్క మూడువందల రూపాయలకు అమ్ము గడియారముమీద లక్షల వెలగల కంపెనీ పేరు అచ్చువేసియుండును. కొనువానికి అది నకిలీయని తెలియును, అమ్మువానికి తెలియును. ఇంక మోసపోవువారెవరు? చూచువారు. సత్యవ్రతము మాటకు మాత్రమే పరిమితమని భావించువారు దీనిని అబద్ధమని ఒప్పుకొనరు. కాని ఉదయము మొదలు రాత్రివరకు నోరు మెదపక చెప్పు అసత్యము, ఒక్కమారు తొందరలో పలికిన అసత్యముకంటె తేలికయైనదని ఎట్లనగలము? అదే మూడువందల రూపాయలకు అదే యంత్రముతో, పేరులేని ముఖముతో గడియారము దొరకినచో అందులో దోషమేమియు లేదు.

ఆడంబరము విడిచినవానిని వెంటాడు మరియొక శత్రువు గలదు. నిరాడంబరతయే ఆడంబరమగుట. ‘నేను ఐదువందల రూపాయల గడియారము కట్టుకొందును, నాకు ఇట్టి భ్రమలు లేవు’ అని పదిమందిలో చేయి చాపి చూపువాని చేతిమీద నున్నది వజ్రములు పొదిగినదానికి తీసిపోదు, రెండును ఒకే పని చేయుచున్నవి. ప్రభుత్వపు గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రమంత్రివర్గము ఆమోదించెను. అటుపిమ్మట పాత జనతలకు వెలకట్టి వెదకువారు బయలుదేరిరి. జ్ఞాపకార్థము తండ్రి గడియారమును దాచుకొనుట సహజము. కాని సామాన్యతను ప్రేమించి ఇరువది జనతలు సేకరించుకొని, పెట్టెలో వరుసగా పేర్చి, ఇరువదియొకటవదానికొరకు నిద్రమానుకొనువాడు దేనిని ప్రేమించుచున్నాడో తన్ను తానే అడుగుకొనవలెను. గిరాకిని చూచి, పాత యంత్రములకు క్రొత్త ముఖములు అతికించి, వన్నెవన్నెల రంగులు పూసి అమ్మువారును తయారైరి. కౌపీనమును ఎలుకలనుండి కాపాడుటకు పిల్లిని, పిల్లికి పాలకొరకు ఆవును, ఆవుకొరకు పొలమును సంపాదించి కడపట సంసారియైన సాధువు కథ శ్రీరామకృష్ణులు చెప్పెడివారు. సామాన్యవస్తువు సామాన్యమైనంత మాత్రమున బంధింపక మానదు.

ఇంక గుమాస్తా తిరిగి బీరువా ముందర నిలిచియున్నాడు. అతనికి తగినది ఏది? ఇచ్చట వెలకంటె ముందు విచారింపవలసినది స్వధర్మము. రోగి నాడిని లెక్కించు నర్సుకు సెకనుముల్లు లేని గడియారము ఎంత అందమైనదైనను వ్యర్థము. పైగా చేతులు మాటిమాటికి కడుగుకొనవలెను గనుక ఆమె మణికట్టు బోసిగా నుండుట మేలు; రొమ్ముమీద పిన్నుతో తగిలించు గడియారము ఆమెకు సరియైనది. కన్ను మసకబారిన వృద్ధునికి పెద్ద అంకెలు, నల్లని లావుపాటి ముళ్లు గల తెల్లని ముఖము కావలెను. బంగారుపూత మీద బంగారుముళ్లు పెట్టిన సొగసు ఆయనకు శిక్ష. చూపులేనివారికి మూత తెరచి ముళ్లను వ్రేలితో తాకి వేళ తెలిసికొను గడియారములున్నవి. వెల కొంత ఎక్కువయైనను వారికి అదియే సామాన్యపు గడియారము. నీటిలో పనిచేయువాడు వెనుక గుర్తును చదువవలెను. 30 మీటర్లని వ్రాసియున్నంతమాత్రమున దానితో అంతలోతు మునుగవచ్చునని భ్రమింపరాదు. వానచినుకులకు, చేతులు కడుగునప్పటి తుంపరలకు తట్టుకొనునని మాత్రమే దాని అర్థము. ఈదువానికి సాధారణముగా 100 మీటర్ల గుర్తు గలది కావలెను. పొలములోనే పుట్టి పెరిగి ఎండపొడను చూచి పూట తెలిసికొనువానికి ఏదియు అక్కరలేకపోవచ్చును. అక్కరలేనివాడు కొనినచో వంద రూపాయలదియు దుబారాయే.

మిగిలినవి యోగీన్ మూకుడువంటి విషయములు. శ్రద్ధ కావలెను, అంతే. వెనుకమూత ఉక్కుదైనచో చెమటకు త్వరగా చెడదు. ప్లాస్టిక్ అద్దము గీతలు పడినను సానపట్టి మరల నునుపుచేయవచ్చును. గాజు అంత సులభముగా గీతపడదు గాని దెబ్బకు పగులును. పట్టీ ఏ దుకాణములోనైనను దొరకు కొలతది కావలెను. ప్రత్యేకపు ఆకారముగల పట్టీ తెగినచో మంచి గడియారమును పారవేయవలసివచ్చును. బ్యాటరీ రెండు మూడు ఏండ్లకు అయిపోవును. అయిపోయినదానిని లోపలనే యుంచినచో కారి యంత్రమును పాడుచేయును; బయటికి తీసినదానిని పసిపిల్లలకు అందనీయరాదు, మ్రింగినచో ప్రాణాపాయము. బజారుమూలన కంటికి భూతద్దము బిగించుకొని కూర్చుండు మరమ్మతుదారుని ఒకమారు అడుగుట పది ప్రకటనలు చదువుటకంటె మేలు. ఏ యంత్రము మరల తన బల్లమీదికి వచ్చుచున్నదో అతనికి తెలియును. కీ ఇచ్చు పాత గడియారము ఇంటిలో నున్నచో దానినే శుభ్రము చేయించుట మంచిదా అను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. మరమ్మతుకు క్రొత్తదానికంటె ఎక్కువ వెల కావచ్చును. అయినను ఉన్న వస్తువును పోషించుటయందు, ఒక పనివాని విద్యను బ్రతికించుటయందు ఉన్న విలువ రసీదుమీద కనబడదు. వెసులుబాటు గలవాడు ఆ మార్గమును త్రొక్కుటయే ఉచితము.

జేబులో ఫోను ఉండగా గడియారమే ఎందుకని నేటి యువకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. వేళ చూచుకొనుట మాత్రమే పనియైనచో ఫోను చాలును. కాని వేళకొరకు ఫోను తీసినవాడు ఎన్నడైనను వేళను మాత్రమే చూచి లోపల పెట్టినాడా? ఎవరో పంపిన సందేశము, ఎక్కడో జరిగిన కలహము, ఎవరిదో పెండ్లి చిత్రము – పావుగంట గడచిన తరువాత ఫోను జేబులో పెట్టును. మరల తీయును, ఎందుకనగా వేళ ఎంతయైనదో చూడ మరచినాడు. ఫోనులోని కలకలమునంతటిని మణికట్టుమీదికే తెచ్చు తెలివిగడియారములును వచ్చినవి. అడుగులు లెక్కించును, గుండెచప్పుడు లెక్కించును, చర్మముమీద తట్టి పిలుచును. హృద్రోగికి అది ఉపకారము కావచ్చును. జపమునకు కూర్చుండువానికి కన్యచేతి గాజులే. సాదా గడియారము అడిగినదానికే సమాధానము చెప్పును. ఆపై మౌనము వహించును. పరిచారకునియందు ఈ గుణమును మెచ్చుకొందుము గదా.

కాలపాలనము గురించి చెప్పునప్పుడు గాంధీమహాత్ముని తలపక తప్పదు. ఆయన చేతిగడియారము ధరింపలేదు. నడుమున జేబుగడియారము వ్రేలాడెడిది. వస్తువులను ఒక్కొక్కటిగా విడిచిన ఆ పురుషుడు దీనిని మాత్రము కడవరకు విడువలేదు. ఇది పరిగ్రహమని ఎవ్వరును ఆక్షేపింపలేదు. ఆయనకు గడియారము తనకొరకు కాదు. ప్రార్థనకు వచ్చి కూర్చుండినవారి కాలము వారిది; దానిని ఆలస్యముచేత తీసికొనుట అస్తేయవ్రతమునకు భంగము. 1948 జనవరి 30న ఢిల్లీలో సర్దార్ పటేలుతో సంభాషణము పొడిగినది. సాయంప్రార్థన ఐదుగంటలకు. బయలుదేరునప్పటికి సుమారు పది నిమిషములు దాటినవి. పచ్చికబయలు దాటుచు ఆయన నొచ్చుకొనినది ఈ ఆలస్యమును గురించియే. మరి కొన్ని క్షణములలో తుపాకి ప్రేలినది.

ఆయన వాడిన ఒక జేబుగడియారమును, కళ్లజోడును, చెప్పులను, గిన్నెను, పళ్లెమును కలిపి 2009 మార్చిలో న్యూయార్కు నగరమున వేలము వేసిరి. 18 లక్షల డాలర్లు పలికినవి. ఒక భారతీయ వ్యాపారి కొనెను. వస్తువులు విదేశీయుల పాలు కాకూడదను దేశాభిమానమును తప్పుపట్టనక్కరలేదు. అయినను ఆ సొమ్మును విన్నచో ఆ వస్తువుల యజమాని మొదట ఏమి లెక్కవేసియుండునో ఆయన లేఖలు చదివినవారు ఊహింపగలరు. ఎన్ని రాట్నములు, ఎన్ని బావులు, ఎంతమందికి ఎన్ని పూటల అన్నము. ఆయనవద్ద నున్నంతకాలము ఆ గడియారము విలువ, ఐదుగంటలకు ఐదని చెప్పుట.

ఆశ్రమములలో చాలవరకు ఈ చిక్కు లేదు. తెల్లవారకముందే మంగళహారతికి గంట మ్రోగును, భోజనమునకు మ్రోగును, జపమునకు మ్రోగును. గంట కొట్టు బ్రహ్మచారికి గడియారము కావలెను, తక్కినవారికి చెవులు చాలును. పూర్వము ఊరిలో మునుగు గిన్నెను కనిపెట్టియుండినవాని పని అతనిది. అతని గడియారము మూడు నిమిషములు తప్పినచో నూరుమంది దినము మూడు నిమిషములు తప్పును. అందుచేత అతడు రాత్రి పరుండుటకుముందు దానిని సరిచూచుకొనును. ఆ గడియారము ఏ కంపెనీదో, వెల ఎంతయో తక్కినవారిలో ఎవరికిని తెలియదు.

గృహస్థుడును తన ఇంటికి అట్టి బ్రహ్మచారియే. అతని వేళను నమ్ముకొని పిల్లలు బడికి బయలుదేరుదురు, వృద్ధమాతకు మందు అందును, కార్యాలయపు తలుపు ముందర నిలిచియున్న వితంతువు కాగితము కదలును. పింఛనుకొరకు ఎండలో నిలిచిన ఆమెకు, లోపలి గుమాస్తా చేతిమీద నున్నది ఏ దేశపు గడియారమో అనవసరము. పదిన్నరకు తెరువవలసిన కిటికీ పదిన్నరకు తెరచుకొనినదా అనునదే ఆమె ప్రశ్న.

అతడు కడపట తొమ్మిదివందల రూపాయల గడియారము నొకదానిని ఏరుకొనెననుకొందము. తెల్లని ముఖము, పూర్తి అంకెలు, నల్లని తోలుపట్టీ. వెనుకమూత త్రిప్పి చూచెను, రసీదు అడిగి తీసికొనెను, బ్యాటరీ మార్చుటకు ఎంత యగునో విచారించెను, కొసరుగా పట్టీకి ఒక అదనపు రంధ్రము వేయించుకొనెను. పదిగంటల పది నిమిషములకు ఆగియున్న ముళ్లను ఇప్పుడు దిద్దవలెను. దుకాణదారుడు మర్యాదకొలది, ‘ఐదు నిమిషములు ముందుకు పెట్టమందురా బాబూ?’ అని అడుగును. చాలమంది అట్లు పెట్టుకొందురు. తొందరపడి సకాలమునకు చేరుదుమని వారి ఆశ. వారము దినములలో మనస్సు ఆ ఐదు నిమిషములను కనిపెట్టును. గడియారము ఎనిమిదిన్నర చూపగానే, ‘ఇంకను ఐదు నిమిషములున్నవి’ అని కాఫీ మరల పోయించుకొనును. తన్ను తాను మోసగించుకొనుటకు ఏర్పరచిన అబద్ధమును తానే నమ్మక, దానిని దిద్దుకొను లెక్కతో ప్రతిదినము ఉదయము ఆరంభించును. రైలు మాత్రము స్టేషను గడియారము చొప్పుననే కదలును.